మరికొంత సాక్ష్యము పంపుడు

అమెరికాలోని విశ్వవిద్యాలయములలోను, ప్రయోగశాలలలోను పరిశోధన సాగించుచున్న తెలుగు యువతీయువకులు నేడు అనేకులు కలరు. వారి తల్లిదండ్రులు గుంటూరులోనో, వరంగల్లులోనో ఉండి, వారమునకు ఒకటి రెండు మారులు ఫోనులో క్షేమసమాచారములు తెలిసికొనుచుందురు. ఆ సంభాషణలలో అప్పుడప్పుడు ఒక మాట వినవచ్చును: “గ్రీన్ కార్డు అర్జీ మీద ఆర్. ఎఫ్. ఇ. వచ్చినది.” ఆ మూడక్షరముల అర్థము తెలియక ఇంటిల్లిపాదియు కంగారుపడుదురు. అర్జీ పోయినదని ఒకరు, అబ్బాయి ఏదో పొరపాటు చేసినాడని ఒకరు, లాయరు మోసగించినాడని మరియొకరు ఊహలల్లుదురు. ఆ జాబు నిరాకరణ కాదు, ప్రశ్న. ‘రిక్వెస్టు ఫర్ ఎవిడెన్సు’ అనగా, మీరు పంపిన కాగితములతో మాకు సందేహము తీరలేదు, మరికొంత సాక్ష్యము పంపుడు అని అధికారి వ్రాయు తాఖీదు. దానికి ఎట్లు సమాధానము చెప్పవలెనన్నదే నేటి మా ప్రసంగ విషయము.

ఉద్యోగము మూలమున శాశ్వత నివాసపు హక్కు కోరు పరిశోధకులకు ముఖ్యముగా మూడు దారులు కలవు. మూడింటికిని ఆధారము 1990లో అమెరికా కాంగ్రెసు చేసిన ఇమిగ్రేషను చట్టము. మొదటిది అసాధారణ ప్రతిభ కలవారిది. నోబెల్ బహుమానము వంటి మహా సత్కారమొకటి యున్న సరే. లేనిచో నిబంధనలలో చెప్పిన పది విధముల సాక్ష్యములలో కనీసము మూడు చూపవలెను. రెండవది ప్రముఖ ఆచార్యులకు, పరిశోధకులకు ఉద్దేశించినది. దీనికి ఆరింటిలో రెండు చాలును. కాని మూడేండ్ల అనుభవము, ఉద్యోగమిచ్చు సంస్థ యొక్క లిఖితపూర్వకమైన ఆహ్వానము ఉండవలెను. మూడవ దారిలో, ఈ వ్యక్తి చేయు కృషి దేశ ప్రయోజనమునకు ఉపకరించును గనుక ఉద్యోగపు ఆహ్వానము లేకున్నను అంగీకరింపుడని కోరుదురు. అన్నింటికిని దరఖాస్తు ఫారము ఒక్కటే, ఐ-140. ఇందొక సంగతి గుర్తింపదగినది. మొదటి, మూడవ దారులలో పరిశోధకుడు తానే అర్జీదారు కావచ్చును. రెండవ దారిలో అర్జీదారు విశ్వవిద్యాలయము వంటి ఉద్యోగమిచ్చు సంస్థ. కావున తాఖీదు కూడ ఆ సంస్థకు, దాని లాయరునకు పోవును గాని పరిశోధకుని ఇంటికి రాదు. ఇంటికి జాబు రాలేదని నిశ్చింతగా నుండిన గడువు కరిగిపోవచ్చును.

ఆ గడువు విషయమున నిబంధన కఠినమైనది. అధికారి ఇయ్యదగిన కాలము 12 వారములకు మించరాదు; తాఖీదు టపాలో వచ్చినచో మరి కొన్ని దినములు కలియును. అంతకుమించి పొడిగింపు లేదు. జ్వరము వచ్చినదనియు, ప్రొఫెసరు గారు ఊరిలో లేరనియు వ్రాసిన ప్రయోజనము లేదు. సమాధానమంతయు ఒకేసారి పంపవలెను. సగము నేడు పంపి, మిగిలినది తరువాత పంపుదమనుకొన్నచో, ఆ సగముతోనే తీర్పు చెప్పుడని కోరినట్లు భావింతురు. ఏమియు పంపనిచో అర్జీని విడిచిపెట్టినట్లే లెక్క.

భారతదేశమున పుట్టినవారికి ఈ సమాధానము మీద ఆధారపడి యున్నది కేవలము ఒక కాగితము కాదు, వరుసలో స్థానము. ఉద్యోగము మూలమున ఇచ్చు వీసాలు ఏటికి ఇంచుమించు 1,40,000 అని చట్టము. అందు ఏ ఒక్క దేశము వారికిని సాధారణముగా నూటికి ఏడు పాళ్లకు మించి చెందరాదు. మనవారి సంఖ్య అధికము గనుక వరుస పొడవైనది. ఈ మూడు దారులలోను వరుసలో స్థానము అర్జీ దాఖలైన తేదీని బట్టి ఏర్పడును. అర్జీ ఆమోదము పొందిననే ఆ తేదీ నిలుచును. త్రోసివేసినచో తేదీ కూడ పోవును. మునుపు మరియొక అర్జీ ఆమోదము పొంది యున్నవారికి ఆ పాత తేదీ సామాన్యముగా పనికివచ్చును గాని, తొలిసారి అడుగుచున్నవారికి ఆ ఆసరా లేదు. పిల్లలకు 21 ఏండ్లు నిండునాటికి వరుస కదలనిచో, కొన్ని లెక్కలకు లోబడి, వారు తల్లిదండ్రుల అర్జీ నుండి జారిపోవుదురు.

ఈ ప్రసంగమునకై మేము ఆ నిబంధనలను, ముఖ్యమైన తీర్పులను చదివితిమి. మాకు తోచినది ఇది: మనవారు సిఫారసునకును సాక్ష్యమునకును గల భేదమును తరచుగా మరతురు. పెద్ద మనిషి చేత ఒక మంచి మాట వ్రాయించిన పని జరుగునని మనకొక నమ్మకము. బడి విడుచునప్పుడు హెడ్మాస్టరు గారిచ్చు సత్ప్రవర్తన పత్రము నాటి నుండి ఆ నమ్మకము మనతోనే పెరుగుచున్నది. కాని అర్జీని చదువు అధికారికి ఆ పెద్ద మనిషి ఎవరో తెలియదు. ఆ శాస్త్రమును తెలియదు. ఆయన యెదుట ఒక నిబంధనల పట్టిక యున్నది. ఒక్కొక్క నిబంధనకు ఎదురుగా ఒక్కొక్క వాస్తవమును పెట్టి చూపుడని ఆయన అడుగుచున్నాడు.

కజారియన్ అను భౌతికశాస్త్రజ్ఞుని వ్యాజ్యము దీనికి మంచి ఉదాహరణము. ఆయన ఆర్మీనియాలోని యెరవాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున సైద్ధాంతిక భౌతికశాస్త్రములో పట్టము పొందినవాడు. తరువాత కాలిఫోర్నియాలో గ్లెండేల్ కమ్యూనిటీ కాలేజీలో పాఠములు చెప్పెను. 2003లో అసాధారణ ప్రతిభ దారిలో అర్జీ పెట్టుకొనగా అది నిరాకరింపబడెను. వ్యాజ్యము తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు వరకు పోయి, 2010లో తీర్పు వచ్చెను. శాస్త్రపత్రికలలో వ్యాసములు వ్రాసియుండవలెనని నిబంధన చెప్పుచుండగా, ఆ వ్యాసములను ఇతర శాస్త్రజ్ఞులు గుర్తించినట్లు కూడ చూపవలెనని అధికారులు ఆదిలోనే షరతు పెట్టిరి. ఇతరుల కృషిని పరీక్షించి యుండవలెనన్న నిబంధన విషయమునను అంతే. ఆయన తన విశ్వవిద్యాలయములోనే విద్యార్థుల డిప్లమా రచనలను పరిశీలించెను. అది చాలదు, వెలుపలి సంస్థలో చేసి యుండవలెననిరి. నిబంధనలో లేని షరతులను అధికారులు కల్పింపరాదని కోర్టు ఈ రెండింటిని కొట్టివేసినది. అయినను కజారియన్ గెలువలేదు. ఆ రెండును లెక్కకు వచ్చినను మూడవది కుదరలేదు. ఆయనను మెచ్చుకొను ఉత్తరములు ఉన్నవి గాని, ఆయన కృషి వలన ఆ శాస్త్రమున ఏమి మారినదో చూపు ఆధారము లేకపోయినది.

ఈ తీర్పు తరువాత ఇమిగ్రేషను శాఖ వారు రెండు మెట్లుగా పరిశీలించు పద్ధతిని అవలంబించిరి. మొదటి మెట్టున నిబంధనలో అడిగిన సాక్ష్యములు సంఖ్యకు సరిపోయినవా అని లెక్క. రెండవ మెట్టున అన్నింటిని కలిపి చూచి, ఈ మనిషి నిజముగా ఆ స్థాయివాడా అని విచారణ. తాఖీదు అందినవారు ముందుగా చూడవలసినది, సందేహము ఏ మెట్టు మీదిదో. మొదటి మెట్టు సందేహమునకు నిబంధన యొక్క మాటలే ఆధారము. పత్రికకు వచ్చిన వ్యాసములను పరీక్షించితినని చెప్పినచో, పరీక్షింపుమని ఆహ్వానము వచ్చినంత మాత్రమున చాలదు; పరీక్షించి పంపినట్లు సంపాదకుని ధ్రువీకరణ కావలెను. రెండవ మెట్టు సందేహమునకు పోలిక కావలెను.

పోలిక అన్నచోటనే మనవారు తడబడుదురు. నా వ్యాసములను ఇంతమంది పేర్కొనిరని ఒక సంఖ్య వ్రాసి ఊరకుందురు. శుద్ధగణితమున ఒక వ్యాసమునకు పదిమంది పేర్కొనుట విశేషము కావచ్చును. జీవవైద్యమున అది సామాన్యము. ఏ శాస్త్రము, ఏ సంవత్సరపు వ్యాసము, ఆ ఏట అట్టి వ్యాసములలో దీని స్థానమేది అన్నది చెప్పనిచో ఆ సంఖ్య మూగది. అంతకన్న బలమైనది, పేర్కొన్నవారు ఏమి చేసిరన్నది. వందమంది ఉపోద్ఘాతమున ఒక వరుసలో పేరు చెప్పి పోవుట కన్న, ముఖపరిచయమైన లేని ఒక ప్రయోగశాల వారు ఆ పద్ధతిని గ్రహించి తమ పనిలో వాడుకొనుట మేలు. ఆ పుటను గుర్తుపెట్టి పంపవలెను.

ఒక పరిశోధకురాలు వరి అగ్గితెగులు మీద పనిచేయుచున్నదనుకొందము. అమెరికాలో అర్కాన్సాస్ రాష్ట్రమున వరి విస్తారముగా పండును. అగ్గితెగులు అక్కడి రైతులను కూడ బాధించును. ఆమె గురువు, “ఈమె నా విద్యార్థులలో అత్యంత మేధావిని, పట్టుదల కలది” అని వ్రాయవచ్చును. అది నిజమే కావచ్చు గాని అధికారి ప్రశ్నకు బదులు కాదు. అదే, ఆమెతో కలిసి ఎన్నడును పనిచేయని మరియొక సంస్థలోని శాస్త్రజ్ఞుడు, “తెగులును తట్టుకొను వంగడములను ఎంచుటకు మాకు పూర్వము పొలమున పంట పెరుగువరకు వేచియుండవలసి వచ్చెడిది, ఆమె ప్రచురించిన పద్ధతిని మేము ఫలానా సంవత్సరమున స్వీకరించితిమి, ఇప్పుడు మొలకదశలోనే ఎంచుచున్నాము” అని వ్రాసి, తమ ప్రయోగశాల నివేదిక నకలు జతపరచినచో అది సాక్ష్యము. అయిదారు ఉత్తరములలో ఒకే విశేషణములు, ఒకే వాక్యములు కనబడినచో అవి ఒకే చేతి వ్రాతయని ఎవరికైనను తెలియును. విశేషణము ఎంత తగ్గిన ఉత్తరమునకు అంత బలము.

దేశప్రయోజనపు దారికి వచ్చినచో, 2016 డిసెంబరులో అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ఆఫీసు ఇచ్చిన ధనసర్ నిర్ణయమే నేటికిని కొలబద్ద. అంతకు పూర్వము 1998 నాటి వేరొక నిర్ణయము అమలున నుండెడిది. ధనసర్ వైమానిక సాంకేతికశాస్త్రమున పరిశోధకుడు, అధ్యాపకుడు. ధ్వనికంటె అనేక రెట్లు వేగముగా పోవు వాహనములకు కావలసిన చోదకయంత్రములను గురించి పరిశోధించెను. ఆ నిర్ణయము మూడు ప్రశ్నలు వేయును: తలపెట్టిన కృషికి విలువయు, జాతీయ ప్రాముఖ్యమును ఉన్నవా? దానిని ముందుకు సాగించుటకు ఈ వ్యక్తి తగిన స్థితిలో ఉన్నాడా? ఉద్యోగపు ఆహ్వానము, కార్మికశాఖ ధ్రువపత్రము అను నియమమును సడలించుట దేశమునకు మొత్తము మీద మేలా? ఆయన పరిశోధన ఈ పరీక్షకు నిలిచినది, అప్పీలు నెగ్గినది. కాని అదే నిర్ణయములో ఆయన బోధనను గురించి వేరుగా చెప్పిరి. శాస్త్రవిద్య బోధించుట విలువైనదే, కాని ఆయన బోధన ఆయన తరగతి దాటి విద్యారంగమును విస్తృతముగా ప్రభావితము చేయునని చూపలేదనిరి. మా దృష్టిలో ఇదే ఆ నిర్ణయమున మిక్కిలి ఉపయోగకరమైన భాగము. క్యాన్సరు ముఖ్యము, సౌరశక్తి ముఖ్యము అని పది పుటలు వ్రాయుట వ్యర్థము; అది అధికారికిని తెలియును. క్యాన్సరులో మీరు చేయబూనిన ఫలానా పని ఆ గది దాటి ఎట్లు పోవునో చెప్పవలెను.

రుజువు ఏ మాత్రము కావలెను? 2010 నాటి చవాతే నిర్ణయము ప్రకారము, చెప్పినది నిజము కాకపోవుట కన్న నిజమగుటకే ఎక్కువ అవకాశమున్నదని తోచిన చాలును. త్రాసు కొంచెము మొగ్గిన సరిపోవును. అయితే ఆ త్రాసులో వేయు వాస్తవములు అర్జీ దాఖలైన నాటికి ఉన్నవై యుండవలెను. తాఖీదు వచ్చిన తరువాత వచ్చిన బహుమానము, ప్రచురించిన వ్యాసము పాత అర్జీని నిలబెట్టవు. పాత కృషిని గురించి నేడు వ్రాయించిన ఉత్తరము మాత్రము చెల్లును, ఎందుకనగా అది తెలుపు వాస్తవము పూర్వపుది.

ఇక ఇక్కడి కుటుంబముల వంతు. మన కాగితములలో తెలుగున ఉన్న ప్రతిదానికిని సంపూర్ణమైన ఇంగ్లీషు అనువాదము, దానితో తనకు రెండు భాషలును వచ్చుననియు, అనువాదము సరియైనదనియు అనువాదకుని ధ్రువీకరణ ఉండవలెను. సారాంశము చాలదు. మనవాడిని గురించి తెలుగు దినపత్రికలో వచ్చిన వార్తను కొందరు సంతోషముతో కత్తిరించి పంపుదురు. శీర్షిక, తేదీ, వ్రాసినవారి పేరు లేని ముక్క పనికిరాదు. ఆ వార్త జిల్లా అనుబంధములో వచ్చినదా, అన్ని ప్రతులలోను వచ్చినదా అన్నది కూడ తేలవలెను. పుట మొత్తమును పంపుట ఉత్తమము.

సమాధానపు కట్టలో అన్నింటికంటె పైన తాఖీదునే ఉంచవలెను. దాని క్రింద అధికారి ప్రశ్నలను ఆయన మాటలతోనే ఒక్కొక్కటిగా వ్రాసి, ప్రతిదాని క్రింద బదులును, ఏ కాగితము, ఏ పుట అన్నదియు తెలుపవలెను. అధికారి పొరపాటున చూడక విడిచిన కాగితము మొదటి అర్జీలోనే ఉన్నచో, కోపము చూపక, దానిని మరల జతచేసి పుట సంఖ్య చెప్పుట మంచిది. ఒక ప్రశ్నకు బలమైన ఆధారము లేనిచో దానిని పట్టుకొని వ్రేలాడక, నిబంధనకు చాలినన్ని తక్కిన వాటిని స్థిరపరచుట వివేకము.

ఇంత చేసినను నిరాకరణ రావచ్చును. అప్పుడు అప్పీలు చేయుటకు గాని, పునఃపరిశీలన కోరుటకు గాని 30 దినములు, నిర్ణయము టపాలో పంపినచో 33 దినములు గడువు కలదు. లేదా కొత్త అర్జీ దాఖలు చేయవచ్చును. మొదటి అర్జీ నాటికి లేని వ్యాసములు, బహుమానములు కొత్త అర్జీలో లెక్కకు వచ్చును. వరుసలోని తేదీ మాత్రము, పూర్వపు ఆమోదమేదియు లేనివారికి, ఆ కొత్త అర్జీ అందిన దినమే యగును.