అంగుళం సైనికుడి మీద ఎండ

బల్ల మీద యుద్ధక్రీడలు ఆడేవాళ్లు వాడే బొమ్మ సైనికుల గురించి, వాటికి రంగులద్దే విద్య గురించి ఈ పూట మాట్లాడుకుందాం. కొలబద్ద, పాచికలు, నియమాల పుస్తకం పెట్టుకుని సైన్యాలను నడిపే ఈ ఆటను వార్‌గేమింగ్ అంటారు. ఇందులో సైనికుడి ఎత్తు ఎక్కువగా 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త పైన. అంత చిన్న బొమ్మ మీద కోటు మడతలు, ఇనుము మీది తుప్పు, బూట్ల బురద నిజమేననిపించేలా వెయ్యడానికి రెండు శతాబ్దాలకు పైగా సాధన జరిగింది.

కథ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మొదలుపెడదాం. 18వ శతాబ్దంలో అక్కడ హిల్పర్ట్ కుటుంబం వంటి తగరం పనివాళ్లు రాతి పలకల మీద అచ్చులు చెక్కి, రేకులా పలచని సైనికులను పోతపోసేవారు. 1839లో అదే ఊళ్లో ఎర్న్‌స్ట్ హైన్రిక్‌సెన్ పెట్టిన కార్ఖానా వల్ల 30 మిల్లీమీటర్ల ఎత్తు అలవాటులో స్థిరపడింది. బొమ్మ చదునుగా ఉంటుంది కాబట్టి భుజం గుండ్రంగా కనబడాలంటే నీడను కుంచెతోనే తేవాలి. ఈ విద్యకు అసలు పునాది అదేనని నా నమ్మకం.

విచిత్రమేమిటంటే, బొమ్మ గుండ్రంగా మారాక ఆ నీడ మాయమైంది. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ బోలు సైనికులను తెచ్చింది. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే లోపలిది వంపేసేవారు. ఎర్రకోటుకు ఒకే ఎరుపు, ప్యాంటుకు ఒకే నీలం, పైన ఎనామెల్ మెరుపు. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే ఆట నియమాల పుస్తకం రాసింది ఇలాంటి బొమ్మలతో ఆడుకునే. అందమైనవే, కానీ చూడగానే ఆటబొమ్మలని తెలిసిపోతాయి.

ఎందుకు తెలిసిపోతాయి? రెండడుగుల దూరంలో ఉన్న 28 మిల్లీమీటర్ల బొమ్మ మన కంటికి 35, 40 మీటర్ల అవతల నిలబడ్డ మనిషంత ఉంటుంది. ఆ మనిషి ఎండలో ఉంటాడు. టోపీ కింద ముఖం నల్లబడుతుంది, భుజాలు మెరుస్తాయి. మన బొమ్మ మాత్రం గదిలో, నలువైపుల నుంచీ పరుచుకునే దీపకాంతిలో ఉంటుంది. మడతల లోతు మిల్లీమీటరులో ఏ కొంతో. ఆ కాంతికి నీడలు తేలవు. కాబట్టి ఎండ చెయ్యాల్సిన పని రంగే చెయ్యాలి. తర్వాత వచ్చిన పద్ధతులు చాలావరకు ఈ ఒక్క చిక్కుకు వెతుక్కున్న జవాబులే.

1970లలో ఇద్దరు దారి చూపారు. అమెరికాలో షెపర్డ్ పెయిన్ మోనోగ్రామ్ కంపెనీ నమూనా కిట్ల కోసం యుద్ధదృశ్యాలు తయారుచేశారు. ఎలా చేశారో చెప్పే కాగితాలు ఆ డబ్బాల్లోనే వచ్చేవి. బెల్జియంలో ఫ్రాంస్వా వెర్లిండెన్ రెండు పనులను జతచేసి ప్రచారంలోకి తెచ్చారు. మొదటిది వాష్: నీళ్లలా పలచన చేసిన ముదురు రంగు పూస్తే అది గుంటల్లోకి జారి నీడవుతుంది. రెండోది డ్రైబ్రషింగ్: కుంచెకున్న రంగును గుడ్డకు దాదాపు తుడిచేసి పైపైన రుద్దితే, ఎత్తుగా ఉన్న అంచులకే లేతరంగు అంటుకుంటుంది. నన్నడిగితే, మొదటిసారి కుంచె పట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇంగ్లండ్‌లో 1979లో ఇలాంటి బొమ్మలు తయారుచేసే సిటాడెల్ మినియేచర్స్ మొదలైంది. 1987లో బొమ్మలకు రంగులద్దే గోల్డెన్ డీమన్ పోటీలు వచ్చాయి. నీళ్లతో పలచనయ్యే అక్రిలిక్ రంగులు తొందరగా ఆరుతాయి కనుక పొర మీద పొర వెయ్యడం సులువైంది. ఫౌండ్రీ సంస్థ ఒక్కో రంగును నీడ, నడిమి, వెలుగు అని మూడేసి డబ్బాలుగా అమ్మింది. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నిని వస్త్రాల మడతలకు ఇలాగే మూడు గిన్నెల్లో మూడు ఛాయలు కలుపుకోమన్నాడు. గోడమీది చిత్రాల విద్య ఇలా అంగుళం బొమ్మ దాకా వచ్చింది.

లోహం సంగతి ఇంకా ఆసక్తికరం. వెండి రంగులోని పొడి గదిలోని దీపాన్నే ప్రతిఫలిస్తుంది, బొమ్మను ఎటు తిప్పితే అటు మెరుస్తుంది. అందుకే కొందరు ఆ రంగే మానేసి, బూడిద, నలుపు, తెలుపులతో కత్తి మీద మెరుపును గీస్తారు. అనుకున్న కోణంలో చూస్తే అది అసలు లోహాన్ని మించి లోహంలా ఉంటుంది.

సైనికుల పక్కన నిలిచే ట్యాంకు బొమ్మల దగ్గర స్పెయిన్ వాళ్ల ప్రభావం ఎక్కువ. మిగ్ హిమేనెజ్ వంటివారు దుమ్ము, నూనె మరకలు, తుప్పు వెయ్యడాన్నే ఒక శాస్త్రం చేశారు. తుప్పురంగు మీద హెయిర్ స్ప్రే కొట్టి, ఆపైన అక్రిలిక్ పైరంగు వేసి, ఆరాక తడి కుంచెతో రుద్దుతారు. లోపలి స్ప్రే కరిగి పైరంగు పెచ్చులూడుతుంది. చూడముచ్చటైన పనే కానీ, ఇక్కడ చాలామంది అతి చేస్తున్నారు. రంగు అరిగేది చేతులూ బూట్లూ తగిలే చోట, మూత అంచుల్లో, ఎక్కే మెట్ల మీద. ట్యాంకంతా సమానంగా తుప్పు పూస్తే నిజం దూరమవుతుంది.

వందల బొమ్మలుండేవాళ్లకు ఇంత ఓపిక ఎక్కడిది? వాళ్లు వడ్రంగులు కొయ్యకు పూసే ముదురు వార్నిష్‌లో బొమ్మను ముంచేవారు. 2007లో డెన్మార్క్‌లో పుట్టిన ఆర్మీ పెయింటర్ దాన్నే సరుకుగా మార్చింది. 2019లో సిటాడెల్ బొమ్మలు అమ్మే గేమ్స్ వర్క్‌షాప్ తెచ్చిన కాంట్రాస్ట్ రంగులు ఒక్క పూతలోనే నీడనూ వెలుగునూ ఇస్తున్నాయి. దీన్ని దొంగదారి అనేవాళ్లున్నారు, నేను వారితో ఏకీభవించను. రంగు పడని సైన్యం కన్నా తొందరగా రంగు పడ్డ సైన్యమే బల్లకు అందం.

మొదలుపెట్టాలనుకునే శ్రోతలకు ఒక్క మాట. ఒకే బొమ్మ తీసుకోండి. ఆరుబయట మొదటిపూతగా నల్ల ప్రైమర్ కొట్టి, ఆరాక సరిగ్గా తలపై నుంచి తెల్లది పలచగా కొట్టండి. తెలుపు ఎక్కడ పడిందో, నలుపు ఎక్కడ మిగిలిందో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. రంగులు వేస్తున్నంతసేపూ ఆ ఫొటో పక్కనే ఉంచుకోండి.