క్షయతిథి నాడు ఏ నిత్య?



ఈ రెండు రోజుల్లో చదవబోయే పత్రాల జాబితా నిన్న రాత్రి చూశాను. కామేశ్వరి మొదలు చిత్ర దాకా పదిహేను మంది తిథినిత్యల ధ్యానాలు, యంత్రాలు, మంత్రోద్ధారాలు అన్నీ ఉన్నాయి. శీర్షికల్లో ‘కాలస్వరూపిణి’ అన్న మాట మూడు నాలుగు చోట్ల కనిపించింది. పంచాంగం ఊసు మాత్రం ఎక్కడా లేదు. అధ్యక్షుడు మొదట అందర్నీ మెచ్చుకుని, తర్వాత మెల్లగా తన గోడు వెళ్ళబోసుకోవడం ఆనవాయితీ. నాకు వయసు మీద పడింది, నేరుగా గోడుకే వస్తాను.

ఇక్కడున్నవారికి అక్షరాలు దిద్దించక్కర్లేదు. మధ్య త్రికోణానికి భుజానికి అయిదుగురు చొప్పున పదిహేను మంది, బిందువులో పదహారవదైన మహానిత్య. శుక్లపక్షంలో కామేశ్వరితో బయల్దేరి పూర్ణిమకు చిత్రను చేరతాం. కృష్ణపక్షంలో చిత్రతో మొదలుపెట్టి వెనక్కి నడుస్తాం. పెరిగే చంద్రుడికీ తరిగే చంద్రుడికీ ఆ పదిహేను మందే. ఇంతవరకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, తిథికీ రోజుకీ పొంతన కుదరదు. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒకే తీరుగా ఉండదు కనుక ఆ తిథి ఒకసారి 20 గంటల్లో ముగుస్తుంది, ఒకసారి 27 గంటలకు దగ్గరవుతుంది. దాంతో ఒక్కొక్క తిథి ఏ సూర్యోదయాన్నీ తాకకుండా జారిపోతుంది, ఇంకొకటి రెండు సూర్యోదయాలు చూస్తుంది. జారిపోయిన తిథికి అధిదేవత అయిన నిత్య ఆ రోజు ఏమవుతుంది?

ముప్ఫయ్యేళ్ళుగా సభల్లో ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. ఒక సభలో ఒక పెద్దమనిషి నవ్వి, ‘అది పురోహితుల గొడవ, తాత్త్వికులది కాదు’ అన్నారు. అమ్మవారిని కాలం అంటూ, కాలాన్ని కొలిచే పుస్తకాన్ని పురోహితుడి సంచిలోకి తోసేసే తత్త్వం ఎలాంటిదో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

నేను శ్రీవిద్య పాఠం చెప్పించుకున్న గురువుగారి పూజగదిలో పంచాంగం పీట పక్కనే ఉండేది, కలశానికి చేయి చాచినంత దూరంలో. ప్రతి తిథి అంత్యానికీ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన నిత్య పేరులో మొదటి అక్షరం రాసుకునేవారు. ఒక శుక్లపక్షంలో తదియ క్షయమైంది. ఉదయం విదియ, ఆ తర్వాత తదియ వచ్చి, మర్నాడు తెల్లవారకముందే వెళ్ళిపోయింది. ‘ఏం నాయనా, నిత్యక్లిన్నను పస్తు పెడదామా?’ అని అడిగారు. నేను నోరు మెదపలేదు. భగమాలిని పూజ ముగించి, ఆ ఆసనం మీదే నిత్యక్లిన్నకూ ఆవాహన చేశారు. వృద్ధి తిథి వస్తే ఒకే నిత్యకు రెండు రోజులూ పూజ. ఆయన సంప్రదాయంలో లెక్క అది. ఆ లెక్క ఆయన తాళపత్ర పద్ధతి గ్రంథం అంచున సిరాతో ఉంది, మూలంలో లేదు. మన సంపాదకులు మూలాన్ని అచ్చువేస్తారు, అంచుల్ని వదిలేస్తారు.

ఇందులో ఇంకో ముడి ఉంది. ఏ పంచాంగం? ‘బాణవృద్ధి రసక్షయం’ అన్న పూర్వపద్ధతి వారికి తిథి 65 ఘడియలకు మించదు, 54కు తగ్గదు. దృగ్గణితం వారు ‘సప్తవృద్ధి దశక్షయం’ అంటారు, అంటే 67 దాకా పెరుగుతుంది, 50 దాకా తగ్గుతుంది. పండగలు వచ్చినప్పుడల్లా ఈ రెండు పక్షాలూ పత్రికలకెక్కడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. కానీ తిథి అంత్యం కొన్ని గంటలు అటూ ఇటూ అయితే, ఒకే వీధిలో ఒక ఇంట వహ్నివాసిని పూజ, పక్క ఇంట మహావజ్రేశ్వరి పూజ జరుగుతాయి. ఇద్దరూ దీక్షాపరులే, ఇద్దరూ సూర్యోదయ తిథినే పాటిస్తున్నారు. ఇది చిన్న విషయమని నాతో ఎవరైనా అంటే, ఆ మాట భాస్కరరాయల ముందు అనగలరా అని అడుగుతాను. సేతుబంధం, సౌభాగ్యభాస్కరం రాసిన ఆ చేతికి లెక్కలంటే ఎంత మక్కువో మీకు తెలుసు. వరివస్యారహస్యంలో మంత్రం ఉచ్చారణకాలాన్ని మాత్రల్లో, మాత్రల భాగాల్లో కొలిచి చూపినవాడాయన.

ఇక మూలం సంగతి. నిత్యలు ఆదిమ కాలపు చంద్రమాతలని, వాళ్ళ చుట్టూ తంత్రం తర్వాత అల్లుకుందని చెప్పేవాళ్ళు మనలో బలంగానే ఉన్నారు. వినడానికి బాగుంటుంది, కానీ ఆధారాలు ఎదురుతిరుగుతున్నాయి. నేపాళంలో దొరికిన నిత్యాకౌలం వంటి తొలి గ్రంథాల్లో త్రిపుర చుట్టూ ఉన్న నిత్యలు పదకొండుగురు. వాళ్ళ పక్కన ఉన్నది కామదేవుడు, చంద్రుడు కాదు. వశీకరణం, ఆకర్షణం, వలపు ఆ ఆరాధనలోని పనులు. కామేశ్వరి, భగమాలిని, నిత్యక్లిన్న అన్న పేర్లే ఆ పుట్టింటిని పట్టిస్తాయి. నిత్యాషోడశికార్ణవానికి వచ్చేసరికి లెక్క పదహారయింది. తంత్రరాజానికి వచ్చేసరికి ప్రతి నిత్యకూ విడిగా మంత్రం, చక్రం, ప్రయోగం ఏర్పడ్డాయి. పదకొండు పదహారు కావడానికి చంద్రుడి కళలు తప్ప వేరే కారణం నాకు కనబడదు. వలపుదేవతల మీదికి చంద్రుడు తర్వాత వచ్చి చేరాడు. ఇది నా తీర్పు. కాదనేవారు రేపు పత్రం చదివేటప్పుడు పదకొండుకు సమాధానం చెప్పి ముందుకు వెళ్ళాలి.

అసలైన చంద్రదేవతలు వేదంలో ఉన్నారు. అనుమతి, రాక, సినీవాలి, కుహువు. చిన్నప్పుడు అమరం వల్లెవేసినవారికి కాలవర్గం గుర్తుండే ఉంటుంది: కళ కొంచెం తక్కువైన పున్నమి అనుమతి, నిండు పున్నమి రాక, చంద్రరేఖ కనబడే అమావాస్య సినీవాలి, అసలు కనబడనిది కుహువు. పక్షసంధుల దగ్గర నిలబడే ఈ నలుగురూ తంత్రంలోకి నేరుగా నడిచిరాలేదు. వంతెన వేసింది లోల్ల లక్ష్మీధరుడు. గజపతి ప్రతాపరుద్రుని కాలంలో సౌందర్యలహరికి వ్యాఖ్య రాస్తూ, తైత్తిరీయ బ్రాహ్మణం శుక్లపక్షపు పదిహేను రాత్రులకు పెట్టిన దర్శ, దృష్ట, దర్శత వంటి పేర్లను తెచ్చి శ్రీవిద్య పదిహేను అక్షరాల పక్కన నిలిపాడు. సమయమతం పేరు చెప్పుకుని బయటి పూజంతా దండగని తేల్చేసే మన మిత్రులు, ఆ మతాచార్యుడే వైదిక రాత్రుల జాబితాను ఎంత పట్టుబట్టి తెచ్చాడో ఒకసారి చూడాలి. ఆయనకు లోపలి చంద్రుడు కావాలి, నిజమే. ఆ లోపలి చంద్రుడికి కూడా తిథులు ఉన్నాయి!

పదహారవ కళకు వేరు బృహదారణ్యకంలో ఉంది. ప్రజాపతి సంవత్సరం. రాత్రులు అతని పదిహేను కళలు, కదలని పదహారవది ధ్రువ. అమావాస్య రాత్రి అతడు ఆ పదహారవ కళతో ప్రాణమున్న ప్రతిదానిలోకీ ప్రవేశిస్తాడు, అందువల్ల ఆ రాత్రి ఏ ప్రాణినీ, చివరికి ఊసరవెల్లిని కూడా, చంపకూడదంటుంది ఉపనిషత్తు. మహానిత్య మీద మన రంగంలో వచ్చిన రాతల్లో ఈ ఊసరవెల్లి నాకు ఎక్కడా తారసపడలేదు. ‘క్షయవృద్ధులకు అతీతమైన చైతన్యం’ అని రాసి దాటేస్తారు. అతీతమైనది గోడమీది ఊసరవెల్లిలోకి దిగివస్తుందన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలనిపించదా?

తంత్రరాజం ఇంకా ఒక అడుగు ముందుకేసింది. పేరుకు నిత్యల తంత్రమే అయినా, తన సొంత పంచాంగాన్ని చంద్రుడి నుంచి విడదీసింది. 36 తత్త్వాలకు 36 రోజుల నెల, 16 నిత్యలకు 16 నెలలు, వెరసి 576 రోజుల ఏడు. అలాంటి ఏళ్ళు 36 అయితే 20,736 రోజుల పరివృత్తి. ఈ లెక్కలో క్షయం లేదు, వృద్ధి లేదు, అధికమాసం లేదు. దీని కిందనే శ్వాసల గడియారం నడుస్తుంది: అహోరాత్రానికి 21,600 ఊపిరులు, ఘడియకు 360. ఆకాశపు తిథి ఒకటి, తంత్రం కట్టుకున్న ఏడు ఒకటి, ఊపిరి ఒకటి. ఈ మూడింటినీ ఒకే ‘కాలతత్త్వం’ కింద కలిపి వండేస్తున్నాం. అవి ఒకదానితో ఒకటి కుదరవన్న సంగతి కట్టినవాళ్ళకు తెలుసు, అందుకే మూడు పెట్టుకున్నారు. శ్రీవిద్య పూజ సంకల్పంలో ‘అష్టాంగం’ అనే తాంత్రిక కాలగణన చదివే ఇళ్ళలో నేటికీ మామూలు తిథివారాల పక్కన ఈ రెండో లెక్క వినబడుతుంది. తొమ్మిది రోజుల వారం కూడా అందులో ఉంది. దాని మీద తెలుగులో ఒక్క సమగ్రమైన పుస్తకం నా కంటపడలేదు.

తంత్రరాజం ఆర్థర్ ఎవలాన్ వరుసలో 1918లో, 1926లో రెండు భాగాలుగా వచ్చింది. నిత్యాషోడశికార్ణవాన్ని వ్రజవల్లభ ద్వివేది 1968లో కాశీలో చక్కగా అచ్చువేశారు. ఆ మహానుభావుల పని మీదే మనం ఇన్నాళ్ళూ బతుకుతున్నాం. ఖడ్గమాల మన ఊళ్ళలో శుక్రవారం శుక్రవారం మారుమోగుతుంది. అందులో పదహారు నిత్యల పేర్లూ వరసగా వస్తాయి. ఇంతమంది నోట నిత్యం నానుతున్న వరసకు వెనకున్న పద్ధతి గ్రంథాలు మాత్రం తెలుగు లిపిలో, తిరుపతిలో, హైదరాబాదులో, చెన్నైలో, తంజావూరులో కట్టలు కట్టి ఉన్నాయి. వాటికి అంచు రాతలతో సహా పట్టికలు తయారు కావాలి. పరిశోధక విద్యార్థులకు ‘శక్తితత్త్వ సమీక్ష’ వంటి అంశాలు ఇవ్వడం కొన్నాళ్ళు ఆపి, ఒక్కొక్కరికి ఒక్కొక్క కట్ట ఇవ్వండి.

మీలో చాలామంది ఉపాసకుల ఇళ్ళ నుంచి వచ్చినవారు. మీ మంత్రం నాకు అక్కర్లేదు, అడగను కూడా. మూడు సంగతులు చెప్పండి చాలు: మీ ఇంట ఏ పంచాంగం వాడతారు, తిథి క్షయమైన రోజు ఏ నిత్యకు పూజ చేస్తారు, ఆ నియమం మీకు ఎవరు చెప్పారు. భోజనాల వేళ వేదిక పక్కన ఒక నోటుపుస్తకం పెట్టిస్తున్నాను. రాసి సంతకం పెట్టి వెళ్ళండి.