గులియన్ బారే వ్యాధి: కాలహరణము కూడదు



శరీరమున రోగక్రిములను పరిమార్చు రక్షణశక్తి యొక్కొక్కప్పుడు పొరపడి, తన నరములనే పరులని యెంచి వానిపైఁ బడును. గులియన్ బారే వ్యాధి యట్టిది. 1916వ సంవత్సరమున గులియన్, బారే, స్ట్రోల్ అను ఫ్రెంచి వైద్యులు దీని లక్షణములను ప్రకటించిరి. 2025వ సంవత్సరారంభమునఁ బూనా నగరమున నిది ప్రబలెను. గుంటూరునను కొందఱు దీని వాతఁ బడిరి.

తఱచుగా అతిసారమో, జ్వరమో వచ్చి తగ్గిన పిదప పాదములు తిమ్మిరెక్కును. అంతట నీరసము రెండు కాళ్లనుండి పైకిఁ బ్రాఁకి, యూపిరి తీయు కండరములను సైతము పట్టవచ్చును. ఇది అంటువ్యాధి గాదు, గాలిసోఁకుడును గాదు. పక్షవాతమని తలఁచి పసరుమందులతోను, తాయెత్తులతోను దినములు గడపినచోఁ బ్రాణమునకే ముప్పు. మొదటి రెండు వారములలో ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించినను, ప్లాస్మా మార్చినను పెక్కుమంది మరల నడువఁగలుగుదురు. అందులకుఁ గొందఱికి మాసములు పట్టును.

ఈ చికిత్స పేదల కందరాని వెల గలది. కావున మన సంఘము విద్యార్థివేతనములతోపాటు వైద్యనిధి నొకదానిని నెలకొల్పవలెనని ప్రార్థించుచున్నాను. ప్రతి గ్రామశాఖయు రోగిని నాఁడే పెద్దాసుపత్రికిఁ జేర్చు భారము వహించుఁగాక! ఆ రోగి యే కులమువాఁడని యడుగకుండుఁగాక!