సీటు కన్నా ముందు కాగితం

(చిలకలగూడలో నీట్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన చిలకలగూడ నుండి గాంధీ ఆసుపత్రికి నడిచి వెళ్లగలం. జ్వరమొచ్చినా, కాన్పు అయినా మనకు అదే దిక్కు. 1954లో స్థాపితమై, 2003లో ముషీరాబాద్‌కు తరలివచ్చిన గాంధీ వైద్య కళాశాల ఆ ప్రాంగణంలోనే ఉన్నది. అందులో ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 10,000 రూపాయలు. ఈ మాట చెబితే నమ్మని తల్లిదండ్రులు మన బస్తీలోనే ఉన్నారు. డాక్టరు చదువంటే ఇల్లమ్ముకోవడమేనన్న భయం మనలో అంతగా నాటుకుపోయింది.

ఆ భయం ఉత్తది కాదు. ప్రైవేటు కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఏడాదికి 10 లక్షలకు పైనే చెల్లించాలి. అదే కళాశాలలో, అదే తరగతి గదిలో, కన్వీనర్ కోటా విద్యార్థి ఫీజు 60,000 రూపాయలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సైతం కన్వీనర్ కోటాలో చేరినవారికే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన బిడ్డకు, తండ్రి ఎంత పేదవాడైనా, అది వర్తించదు. కనుక అన్నిటికన్నా పెద్ద స్కాలర్‌షిప్ కన్వీనర్ సీటే. బయానా ఇచ్చి, పెద్ద ఫీజు సీటు తీసుకొని, ఆ తరువాత స్కాలర్‌షిప్ కోసం తిరగడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వంటిది.

ఆ సీటుకు మనకున్న ఆధారం బీసీ-ఈ. 2007 నాటి చట్టం 14 ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిపింది. ఆ ఉత్తర్వు నీడలోనే మన పిల్లలు ఏటా సీట్లు పొందుతున్నారు. షేక్, ఖురేషీ, లబ్బీ వంటి వర్గాలు ఈ జాబితాలో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ లేవు. వారు నిరాశపడనక్కరలేదు. ముస్లిం మైనారిటీ వైద్య కళాశాలలలోని కన్వీనర్ సీట్లకు ముస్లిం అభ్యర్థులందరూ పోటీపడవచ్చును.

ఇక కాగితాల సంగతి. జీవితమంతా గుమాస్తాగా ఫైళ్లు చూసినవాణ్ణి గనుక దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబెడతాను, ఓర్చుకోండి. మన పేర్లను మనమే ముక్కలు చేసుకున్నాం. టెన్త్ మెమోలో ‘ఎస్కే’, ఆధార్‌లో ‘షేక్’, బ్యాంకు పాస్‌బుక్‌లో రెండూ లేకుండా చివర ‘బేగం’. ‘మహమ్మద్’ సంగతి చెప్పనే అక్కరలేదు. దానికి ‘ఎండీ’ మొదలు ఎన్ని రూపాలో! మనిషి చూస్తే ఒకే అమ్మాయి అంటాడు. కంప్యూటరు చూస్తే ముగ్గురంటుంది. మా వీధి ఆటో డ్రైవరు కుమార్తె కన్వీనర్ సీటు సాధించింది. పేరు సరిపోలక ఆమె దరఖాస్తు నెలల తరబడి కదలలేదు. తండ్రి 60,000 రూపాయలు వడ్డీకి తెచ్చి కట్టాడు. వడ్డీ హరామని తెలిసిన మనిషి ఆ రోజు నా ముందు తలెత్తలేకపోయాడు.

ఆదాయ ధ్రువపత్రం మరొక గండం. మైనారిటీ, బీసీ విద్యార్థులకు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి పట్టణాలలో 2 లక్షలు, గ్రామాలలో లక్షన్నర. నెలకు 17,000 సంపాదించే సేల్స్‌మన్ ఆ గీత దాటిపోతాడు. ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల రిజర్వేషన్‌కు మాత్రం పరిమితి 8 లక్షలు. ఒకే రాష్ట్రంలో ఒకే తండ్రి ఒక కాగితం మీద పేద, మరొక కాగితం మీద ధనికుడు! దీని మీద మనం విజ్ఞాపనలు ఇవ్వాలి; శాసనసభ్యులు ఓట్లకు వచ్చినపుడు అడగవలసిన ప్రశ్న ఇదే.

కొన్ని తలుపులు మూసుకున్నాయి. వృత్తి విద్యకు కేంద్రం 2007-08 నుండి ఇచ్చిన మెరిట్-కమ్-మీన్స్ స్కాలర్‌షిప్‌కు ఆమోదం 2021-22 వరకే ఉండెను. ఆ ఫారం నింపిస్తామని డబ్బడిగేవారిని నమ్మకండి. రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల దాకా ఇస్తుంది గాని, అది పీజీ, పరిశోధన చదువులకే. విదేశీ ఎంబీబీఎస్‌కు ఆ సొమ్ము వస్తుందని చెప్పే ఏజెంటు మాట అబద్ధం.

రీయింబర్స్‌మెంట్ వచ్చినా ఆలస్యంగా వస్తుంది. హాస్టలు, పుస్తకాలు, స్టెతస్కోపు ఖర్చు మన మీదనే. ఇక్కడ సమాజం చేయవలసినది ఉంది. ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు 1983లో ఒక పథకం ప్రారంభించింది. మన దేశం వంటి చోట్ల ముస్లిం విద్యార్థులకు వృత్తి విద్య కోసం వడ్డీలేని అప్పు. చదివి స్థిరపడినవాడు తీర్చిన సొమ్ము స్థానిక ట్రస్టుకే చేరి, తరువాతి విద్యార్థికి పోతుంది. మన మసీదు కమిటీ కూడా ఇలాంటి ఖర్జె హసనా నిధి ఒకటి పెట్టవచ్చు. ముగ్గురు విద్యార్థుల తొలి ఏడాది కన్వీనర్ ఫీజు 1,80,000 రూపాయలు. మన పెళ్లిళ్లలో ఒక పూట బిర్యానీకి ఇంతకన్నా ఎక్కువే అవుతోంది, కోపగించుకోకండి.

వచ్చే ఆదివారం అస్ర్ నమాజు తరువాత నేనూ, మరో ఇద్దరు మిత్రులూ ఇక్కడే కూర్చుంటాం. టెన్త్ మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడూ తీసుకురండి. బిడ్డ ఇంకా తొమ్మిదో తరగతిలోనే ఉంటే మరీ మంచిది. మెమో అచ్చు కాలేదు గనుక పేరు సరిచేయడం సులువు.