చాపగణితము - నేఁటి యంత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ వేదికపై నేను నిలిచినప్పుడెల్ల భారతమును గుఱించియో, భాగవతమును గుఱించియో నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పుచు వచ్చితిని. ఈ సభకు కూడ కార్యదర్శిగారు విరాటపర్వము చెప్పవలసినదిగా కోరిరి. అర్జునుఁడు జమ్మిచెట్టుపై దాఁచిన వింటిని ఈసారికి అక్కడనే యుండనిచ్చి, వేఱొక వింటిని గుఱించి చెప్పుటకు సెలవు వేఁడితిని. అది ఉక్కుపలకపై యంత్రము గీయు విల్లు. గణితశాస్త్రమున దానికి చాపమని పేరు. మీలో పలువురు ‘‘ఈ లెక్కలవాఁడు యంత్రముల జోలికేల పోయెను?’’ అని నవ్వుకొనవచ్చును. పోవలసిన పని పడినది, వినుఁడు.

మన ఊరి గిర్నిలో మోటారును ముందునకు వెనుకకు జరిపి బెల్టు బిగించుకొనుటకు ఒక వంపు పలక యుండెడిది. అది మొదటికడ విరిగినది. ఆ గిర్నిని చేసినవారు ఇప్పుడు లేరు. అట్టి పలక అంగడిలో దొరకదు. వంపు అంచు మాత్రము చెక్కు చెదరక మిగిలినది. దానిని సంచిలో వేసికొని నేను హైదరాబాదునకు, కిషన్‌బాగ్‌లోనున్న మా అక్కగారింటికి పోతిని. మా మేనల్లుఁడు అక్కడి యొక చిన్న కార్ఖానాలో సి.ఎన్.సి. మిల్లింగు యంత్రముపై పని నేర్చుకొనుచున్నాఁడు.

కిషన్‌బాగ్ అనఁగా కృష్ణుని తోఁట. మూసీనదికి దక్షిణపు గట్టున, బహదూర్‌పురా ప్రక్కన ఉన్నది. తోఁట ఇప్పుడు పేరులోనే మిగిలినది. సందులలో ఇండ్లు, కొట్లు, కార్ఖానాలు క్రిక్కిఱిసియున్నవి. మా వాని యంత్రము ఒక రేకుల కప్పు క్రింద నిలిచియున్నది. దాని బల్ల తూర్పు పడమరలుగా ఒక మరమీఁద, ఉత్తర దక్షిణములుగా మఱియొక మరమీఁద జరుగును. పైనుండి గిరగిర తిరుగు కత్తి క్రిందికి దిగును. ఇంతే దాని దేహము. ఇందులో ఎక్కడను గుండ్రముగా కదలు అంగము లేదు. తూర్పు పడమరల నడకకు ఎక్స్ అనియు, ఉత్తర దక్షిణముల నడకకు వై అనియు పేర్లు. రెండును తిన్నని నడకలే. అట్టి రెండు తిన్నని నడకలనుండి వంపు ఎట్లు పుట్టునన్నదే నేఁటి విషయము.

కుమ్మరి సారెను చూడుఁడు. దాని నడుమ కీలు ఉన్నది. కుండ గుండ్రముగా వచ్చుటలో వింత లేదు. మేస్త్రీ బావికి వలయము గీయునప్పుడు నడుమ మేకు పాఁతి త్రాడు కట్టి తిరుగును. ఈ యంత్రమునకు మేకు లేదు, త్రాడు లేదు. మేకు ఉండవలసిన చోటు ఎచ్చటనో మనము అంకెలతో చెప్పవలెను. అప్పుడు దాని లోపలి గణకయంత్రము క్షణక్షణమును ‘‘ఎక్స్ ఇంత, వై ఇంత’’ అని కంటికి కనఁబడని చిన్న అడుగులుగా పంచి పెట్టును. చాపము శిఖరమునొద్ద ఎక్స్ పరుగెత్తును, వై నిలిచిపోవును. ప్రక్కలకు దిగినకొలఁది వై పరుగు హెచ్చును, ఎక్స్ మందగించును. శిఖరమున వై పైకి పోవుట మాని క్రిందికి మఱలునప్పుడు మరలో వదులున్నచో ఉక్కుపై సన్నని గుర్తు పడును. మా వాఁడు దానిని గోటితో తడిమి చూపెను.

ఇట్టి యంత్రము మొదట అమెరికాలో పుట్టినది. జాన్ పార్సన్స్ అను ఆయన హెలికాప్టరు రెక్కలు చేయుచు, వాని వంపులను అంకెలతో నడపవలెనని తలపెట్టెను. 1949లో అక్కడి వాయుసేన ఆ పనికి ధనమిచ్చినది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు అంకెలచే నడచు మిల్లింగు యంత్రమును లోకమునకు చూపిరి. ఆ నాఁడు ఆజ్ఞలు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీమీఁద ఉండెడివి. మన హైదరాబాదు ఈ విద్యకు క్రొత్తది కాదు. ప్రాగా టూల్స్ 1943లో వెలసినది, హెచ్.ఎం.టి.వారు 1965లో ఇచ్చట కర్మాగారము పెట్టిరి. బాలానగరులోని కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ 1968లో ఏర్పడినది. ఆ పెద్ద కర్మాగారముల యందలి విద్య నేఁడు కిషన్‌బాగ్ సందులోని రేకుల షెడ్డునకు దిగి వచ్చినది.

ఇఁక లెక్కకు వత్తము. వంపునకు రెండు ఆజ్ఞలు. గడియారపు ముల్లు తిరుగు దిక్కున పోవుటకు జీ02. దానికి ఎదురుగా పోవుటకు జీ03. ఆజ్ఞ వెంట చాపము ముగియు చోటును ఎక్స్, వై అంకెలతో వ్రాయుదురు. మొదలు ఎక్కడ? అది వ్రాయరు! నాకు మొదట ఆశ్చర్యము కలిగినది, వెంటనే నవ్వు వచ్చినది. ఏలన అది మన చిట్టాలోని మర్యాదయే. నిన్నటి ముగింపు నిల్వయే నేఁటి ప్రారంభపు నిల్వ. వెనుకటి పంక్తిలో కత్తి ఎక్కడ నిలిచినదో అదియే చాపమునకు మొదలు. వెనుకటి పంక్తి తప్పినచో ఈ పంక్తి ఒప్పుగా వ్రాసియు తప్పే యగును.

తరువాత కేంద్రము. దానిని ఐ, జే అను రెండక్షరములతో చెప్పుదురు. చాపము మొదలైన చోటునుండి కేంద్రము ఎక్స్ దిక్కున ఎంత దూరమో ఐ చెప్పును; వై దిక్కున ఎంత దూరమో జే చెప్పును. కుడికిని పైకిని ధనము, ఎడమకును క్రిందికిని ఋణము. తక్కిన అంకెలన్నియు బల్లమీఁది మూలస్థానమునుండి లెక్కించుచున్నను, సాధారణముగా ఐ, జేలు మాత్రము చాపపు మొదటినుండియే లెక్కింపఁబడును. క్రొత్తవారు కాలుజాఱు చోటు ఇదియే.

మా పలకకు నకాసు లేదు. విరిగిన అంచు మాత్రమే యున్నది. దాని వ్యాసార్ధము ఎట్లు తెలియును? మా వాఁడు బిళ్ళలు పెట్టి అందాజుగా చూడఁబోయెను. నేను వలదంటిని. ఆర్యభటుఁడు 499లోనే దీనికి దారి చూపెను; భాస్కరాచార్యుఁడు 1150లో లీలావతియందు దానిని మఱల చెప్పెను. మన తెలుఁగున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిఁగించి క్షేత్రగణితమునకు మాటలు కూర్చిపెట్టెను. ఆ మాటలెంత సొగసైనవి! వంపు విల్లు, అనఁగా చాపము. దాని రెండు కొనలను కలుపు గీత నారి, అనఁగా జ్యా. నారి నడుమనుండి వింటి నడుమకు నిలుచునది బాణము, అనఁగా శరము. శరమును వ్యాసములో మిగిలిన భాగముచే గుణించినచో, జ్యాలో సగమును దానిచేతనే గుణించినంత వచ్చును. సూత్రమింతే.

కొలిచితిమి. జ్యా 96 మిల్లీమీటర్లు, శరము 16. జ్యాలో సగము 48. 48ని 48చే గుణింపఁగా 2304. దానిని 16చే భాగింపఁగా 144. దానికి శరము 16 కలుపఁగా వ్యాసము 160, వ్యాసార్ధము 80. కేంద్రము నారికి 64 మిల్లీమీటర్లు క్రింద. 48, 64, 80 - మూఁడు, నాలుగు, అయిదుల త్రిభుజమే పదియాఱు రెట్లు పెరిగి వచ్చినది! ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. కొలుచుటలో మాత్రము మెలఁకువ వలయును. శరమును 16కు మాఱుగా 17 అని చదివినచో వ్యాసార్ధము 76 చిల్లరకు దిగిపోవును. బాణమున ఒక మిల్లీమీటరు తప్పు వింటిని నాలుగు మిల్లీమీటర్ల దాఁక చెఱచును.

కాగితముమీఁద అన్నియు కుదిరినవి. నారి ఎడమ కొనను మూలస్థానముగా పెట్టుకొంటిమి. అక్కడనుండి జీ02, ఎక్స్ 96, వై 0, ఐ 48, జే ఋణము 64. మఱునాఁడు మా వాఁడు దానిని యంత్రమునకు ఎక్కించెను. వ్రేలు జాఱి, జే 64 అని మాత్రము నొక్కినాఁడు. ఋణపు గీత పడలేదు.

ఏమి జరిగినదో ఊహింపుఁడు. కేంద్రము నారికి క్రింద ఉండవలసినది పైకి పోయినది. కుడివైపునకు పైకెక్కవలసిన కత్తి ఎడమవైపునకు మఱలి, పలకను కోసికొనుచు పోయి, పలకను బిగించిన క్లాంపును గ్రుద్దుకొని ఫెళ్ళున విరిగినది. అడ్డు లేకున్నచో నారికి పైన 144 మిల్లీమీటర్ల ఎత్తు వఱకు తిరిగి, పెద్ద చాపమును చుట్టి, చల్లగా ఎక్స్ 96కే చేరియుండును! ఉక్కుపలక చెడినది, కత్తి పోయినది. రెండింటి వెలయు వాని జీతములోనుండి పోవునని తేలినది. రెండవసారి ఇట్లు జరిగినచో యంత్రమును తాఁకవలదనియు యజమాని చెప్పెను. ఆయన దుర్మార్గుఁడు కాఁడు; కత్తుల వెల ఆయనకు తెలియును. మా అక్క ఆ పూఁట అన్నము వడ్డించుచు మాటాడలేదు. పలక మన ఊరిది, లెక్క నాది, శిక్ష వానిది.

‘‘మామా, తప్పుంటే అలారం వస్తదనుకున్న. అది ఏమీ అనకుండ కోసుకపోయింది’’ అని వాఁడు వాపోయెను. ఆ మాటయే నన్ను పట్టుకొన్నది. యంత్రము ఏల మొఱపెట్టలేదు?

అది సరిచూచు విధము ఇట్టిది. కేంద్రమునుండి చాపపు మొదటికి ఎంత దూరమో, చివరికిని అంతే యుండవలెను. మా వాఁడు 48ని 84గా వ్రాసియున్నచో, మొదటి దూరము 105 పైచిలుకు, చివరి దూరము 65 పైచిలుకు అయ్యెడివి. యంత్రము అడుగు వేయక నిలిచిపోయెడిది. కాని ఋణపు గీత పోయినప్పుడు రెండు దూరములును 80 గానే నిలిచినవి. లెక్క కుదిరినది, తీర్పు తప్పినది! నా వృత్తిలో ఇది ఎఱుఁగని సంగతి కాదు. అంకెలు తిరుగఁబడినచో తేడా తొమ్మిదిచే భాగింపఁబడును, దొరికిపోవును. ఒకని పద్దు మఱియొకని పేర వ్రాసినచో మొత్తములు చక్కగా కుదురును. ఎవఁడో ఒకఁడు వచ్చి ‘‘నా సొమ్మేది?’’ అని అడుగువఱకు చిట్టా నోరెత్తదు.

వాఁడు అడిగినాఁడు: ‘‘ఐ, జే ఎందుకు మామా? ఆర్ 80 అని వేస్తే అయిపోవు కదా?’’ అట్టి మార్గము కలదు. కేంద్రము చెప్పక వ్యాసార్ధమును ఆర్ అను అక్షరముతో చెప్పవచ్చును. ఆర్ 80 అనినచో చిన్న చాపము. ఆర్ ఋణము 80 అనినచో అర్ధవృత్తమును మించిన పెద్ద చాపము. మా చిన్న పనికి అది చాలియుండెడిది. కాని నిండు వృత్తమునకు అది పనికిరాదు. మొదలును చివరయు ఒకటే యైనప్పుడు ఏ దిక్కున కేంద్రము పెట్టవలెనో యంత్రమునకు తెలియదు. అర్ధవృత్తమునకు దగ్గఱగా నున్నప్పుడు ఆర్‌లో వెండ్రుకవాసి తప్పు కేంద్రమును దూరముగా నెట్టును. నా మట్టుకు నాకు ఐ, జేలే నచ్చినవి. ఆర్ సాక్షి లేని పద్దు. ఐ, జేలకు చివరి బిందువు సాక్షి. ఆ సాక్షి గూడ ఒక్కొక్కప్పుడు మోసపోవునని చూచితిమి గదా! అందుచేత కత్తిని పైకెత్తి గాలిలో ఒక్కసారి నడిపి చూడవలెను. తెఱమీఁద గీతగా చూపు సదుపాయమును ఉన్నది. ఆ పనికి రెండు నిమిషములు పట్టును.

ఆ సాయంకాలము వానిని వెంటఁబెట్టుకొని మీర్ ఆలం చెఱువు కట్టకు పోతిని. కిషన్‌బాగ్‌నకు అది దగ్గఱయే. జంతుప్రదర్శనశాలను ఆనుకొని యున్నది. నిజాము దివాను మీర్ ఆలం పేర 1806 నాఁటికి ముగిసిన కట్టడము. ఉస్మాన్‌సాగరు రాకముందు నగరమునకు త్రాగునీరిచ్చిన చెఱువు అది. దాని ఆనకట్ట తిన్నని గోడ కాదు. 21 అర్ధవృత్తములను ప్రక్కప్రక్కన నిలిపిన రాతి వరుస. ప్రతి వింటి వీఁపును నీటివైపునకు త్రిప్పిరి. నీరు నెట్టినకొలఁది రాళ్ళు ఒకదానినొకటి ఒత్తుకొని బిగిసికొనును. ఆ బరువు రెండు ప్రక్కల గల స్తంభములలోనికి దిగును. ‘‘ఇందులో ఒక్క వింటికి గుర్తు తప్పి వీఁపు ఇటు తిరిగియున్నచో?’’ అంటిని. వాఁడు చాలసేపు గోడవంకనే చూచి, ‘‘గోడ ఊడిపోవు మామా’’ అనెను. పిదప పుల్లతో మట్టిలో విల్లు, నారి, కేంద్రము గీచి, బాణపు గుర్తులతో ఐ, జేలను తానే చూపించెను. పాఠశాలలో వానికి ఆ నాలుగక్షరములు కంఠపాఠముగా వచ్చినవి. వాని వెనుక విల్లున్నదని ఎవరును చెప్పలేదు.

రెండవ పలకను మఱుసటి ఆదివారము కోసినాము. వాఁడు మొదట కత్తిని గాలిలో నడిపెను. కత్తి మందము పది మిల్లీమీటర్లు గనుక, వెలుపలి అంచును కోయుటకు కత్తి నడుమ 85 వ్యాసార్ధమున నడవవలెను. ఆ సవరణను జీ41తో యంత్రమునకే అప్పగించెను. యజమాని వెనుక నిలుచుండి చూచెను, ఏమియు అనలేదు. పలక దిగినది. పాత అంచుపై పెట్టి దీపమునకు ఎదురుగా పట్టఁగా నడుమ వెలుతురు రాలేదు. ఇప్పుడది మన గిర్నిలో బిగింపఁబడియున్నది, చూచినవారు చూచియేయుందురు. చెడిన పలక వెల తీఱుటకు వానికి రెండు నెలలు పట్టినది. అందు సగము నేను ఇచ్చితిని, అది న్యాయము.

పాలకవర్గమువారికి ఒక్క మనవి. మన బీరువాలో లీలావతి తెలుఁగు తాత్పర్యముతో కలదు. 25 సంవత్సరములలో దానిని తీసికొన్నవారి సంతకములు వ్రేళ్ళమీఁద లెక్కింపవచ్చును, అందు అధికము నావే. మన ఊరి పిల్లలు పదుగురు ఐ.టి.ఐ.లో చదువుచున్నారు. వారికి తెలుఁగున యంత్రవిద్య పుస్తకములు తెప్పింపుఁడు. వాని ప్రక్కన లీలావతిని పెట్టుఁడు. మా మేనల్లుఁడు ఈ లెక్కను బొమ్మలతో ఒక నోటు పుస్తకమున వ్రాసి యిచ్చెను. దానిని, విరిగిన పాత పలకను, చెడిన పలకను కూడ నేఁడు గ్రంథాలయమునకు అప్పగించుచున్నాను. పిల్లలు నారిని, బాణమును తామే కొలిచి చూచుకొనవచ్చును. స్కేలు సొరుగులో పెట్టితిని.

సెలవు.