ఇసుకలో దాచిన అమానతు

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్ పంపి ఈ శుక్రవారపు ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.

ధార్మిక సోదరులారా! పత్తి చేలు, మిర్చి కల్లాల మధ్య జీవించే మనకు సముద్రం దూరం కాదు. బాపట్ల దాటితే సూర్యలంక. ఏటా చలికాలం చివర ఆ ఇసుకకు ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు రాత్రివేళ వచ్చి గుడ్లు పెడతాయి. భూమిపై సంచరించే జంతువులు, ఎగిరే పక్షులు కూడా మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో బోధిస్తున్నది. వాటిలో ఒక సముదాయాన్ని నేడు పరిశీలిద్దాము.

తల్లి తాబేలు వెనుక కాళ్లతో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. వాటిని పొదిగేది ఇసుకలోని వేడిమియే. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. 45 నుండి 60 రోజులకు బయటపడిన పిల్లలు తల్లి ముఖం చూడకనే, నేర్పేవారు లేకనే, నీటి మీది వెలుగును గుర్తించి సముద్రం వైపు సాగిపోతాయి. పెరిగిన ఆడ తాబేళ్లు భూమి అయస్కాంత శక్తి ఆనవాలుతో తాము పుట్టిన తీర ప్రాంతానికే మరలి వస్తాయి. గుడ్లు పెట్టేటప్పుడు వాటి కన్నుల నుండి నీరు కారుతుంది. అది దుఃఖం కాదు. ఒంటిలోని అధిక ఉప్పును బయటకు పంపే ఏర్పాటు. ఈ విద్య నేర్పిన గురువు అల్లాహ్ కాక మరెవరు?

వెయ్యి పిల్లలలో పెద్దదయ్యేది సుమారు ఒక్కటేనని అంచనా. వెయ్యి గింజలు నారు పోస్తే ఒక్క మొక్క నిలిచినచో, రైతు దానిని ఎంత భద్రంగా కాపాడుకుంటాడు! ఒడ్డుకు కొట్టుకువచ్చే ప్రతి తాబేలు కళేబరం అటువంటి ఒక్క మొక్కయే. తాబేలు మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చుతుంది. ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేనప్పుడు ఊపిరాడక మరణిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించినది. వల నుండి దానిని తప్పించే చట్రమూ ఉన్నది. చట్రంతో పాటు కొంత చేప జారిపోతుందని మత్స్యకారుల భయం. అది కూటికి సంబంధించిన భయం, తేలికగా కొట్టివేయరాదు. అయితే చేపను చవకగా కోరే మనము సైతం ఆ వలకు ఒక కొస పట్టుకున్నవారమే.

ఒక ప్రయాణంలో సహచరులు పక్షి పిల్లలను పట్టుకోగా, తల్లి పక్షి తల్లడిల్లడం చూసి, పిల్లలను తిరిగి ఇవ్వుమని ప్రవక్త (స) ఆదేశించారు. తల్లి దగ్గర లేని ఈ పిల్లల పక్షాన తల్లడిల్లేదెవరు? ఆ బాధ్యత ఖలీఫాగా నిలిచిన మానవునిదే.

కావున సోదరులారా! తీరానికి వెళ్లినప్పుడు రాత్రి దీపాలు, మంటలు వేయకండి. ఆ వెలుగు పిల్లలను దారి తప్పిస్తుంది. ప్లాస్టిక్ సంచులు ఇసుకలో విడువకండి. గూడు కనిపిస్తే తాకక అటవీశాఖ వారికి తెలపండి. మీ పిల్లలకు ఈ సంగతులు చెప్పండి.

అల్లాహ్ మనకు అప్పగించిన అమానతును కాపాడే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.