పాత సలహా, నేటి పరీక్ష
(ఊరిగాం తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట మనవారిలో అనేకులు బెంగళూరు రైలెక్కి పనులకు పోవలసివచ్చినది. ఇంటిపట్టుననే పచ్చళ్లో, కుట్టిన బట్టలో ఇంటర్నెట్ ద్వారా అమ్మదలచువారికి నేడు సలహాలకు కొదువ లేదు. వానిలో పెక్కు పాతవి. గనిరాతిని పరీక్షింపక బంగారము లెక్కకట్టుట ఈ ఊరి పద్ధతి కాదు. సలహాకును అదియే నియమము.

పుటలో కనబడకుండ కీలకపదముల పట్టికను నింపుడనిరి. దానిని పరిగణించుట లేదని గూగుల్ 2009లోనే ప్రకటించినది. సొమ్మిచ్చి లింకులు కొనుడనిరి. 2012 నాటి పెంగ్విన్ మార్పుతో అట్టి పుటలు వెనుకబడినవి. చిరునామాలు కూడబెట్టి అందరికిని ఈమెయిళ్లు పంపుడనిరి. పెద్దయెత్తున ప్రకటనలు పంపువారు, వలదనువారికి ఒక్క నొక్కుతో తప్పుకొను వీలు కల్పింపవలెనని 2024లో జీమెయిల్ నియమించినది.

అనుమతి ఇచ్చినవారికే వార్త పంపుడని 1999లో సేథ్ గాడిన్ గ్రంథము చెప్పిన మాట మాత్రము నిలిచినది. యంత్రమును ఏమార్చు ఉపాయములు యంత్రము మారగనే చెడినవి. కొనువారి నమ్మకముపై నిలిచినది చెడలేదు.

చెడిన ఉపాయములకే రుసుము అడుగువారు నేటికిని కలరు. అప్పుచేసి వారికి చెల్లింపకుడు. ఒక నెలపాటు, స్వల్ప వ్యయముతో, ఒక్క మార్పునే చేసి చూడుడు. కొనవచ్చిన ప్రతివారిని మీ సంగతి ఎట్లు తెలిసినదో అడిగి పుస్తకమున వ్రాసికొనుడు. ఆ లెక్క చెప్పినదే మీకు సలహా.